లక్కపెట్టె పలికింది

జ్యేష్ఠ బహుళ పంచమి

ఈ రోజు నుంచి తెప్పలవలస కంప్యూటర్ల బాధ్యత నాది. ఇన్నాళ్ళూ వాటిని చూసుకున్న సింహాచలం మాస్టారు చూపు మందగించి ఒడ్డుకు వెళ్ళిపోయారు. పడవ ఎక్కుతూ నాతో ఒక్క మాటే చెప్పారు. "లక్క మట్టుకు పగలగొట్టకే వరాలూ. మిగతాది నువ్వే నేర్సుకుంటావు."

లక్క పగలగొట్టకూడదని ఇక్కడ పాకే పిల్లలకు కూడా తెలుసు. సముద్రం మా పాత ఊళ్ళను మింగాక, ఇనుప తెప్పలను గొలుసులతో కలిపి కట్టుకుని వాటి మీదే కాపురాలు పెట్టాం. ఇక్కడి ఉప్పుగాలికి కంప్యూటరు నెల తిరగకుండా తుప్పు పడుతుంది. అందుకే వేడి పోవడానికి అడుగున ఒక రాగిరేకు వదిలి, మిగతా అంతా మందంగా లక్క పోసి మూసేస్తారు. బయటికి రెండు తీగలే వస్తాయి, ఒకటి కరెంటుకు, ఒకటి తెరకూ మీటలకూ. వాటినే లక్కపెట్టెలంటాం. లోపల ఏముందో మాలో ఎవరూ కళ్ళతో చూసినవాళ్ళు లేరు.

మొదటి పని నీళ్ళతెప్పకు వెళ్ళడం. సముద్రపు నీటిని పొరల్లోంచి తోసి మంచినీరుగా మార్చే యంత్రాలన్నీ ఆ తెప్ప మీదే ఉన్నాయి. ఏ గొట్టంలో ఉప్పు ఎంతుందో క్షణక్షణం చూసి కవాటాలు తిప్పేది ఒకే ఒక్క లక్కపెట్టె, దీనికి మాత్రం గొట్టాల దగ్గరికి మూడో తీగ ఉంది. అది ఈ మధ్య మందగించింది. పొద్దున బాగానే ఉంటుంది. ఎండ ఎక్కేసరికి మత్తెక్కినట్టు అయిపోతుంది. ఉప్పు పెరిగిందని అది గుర్తించేలోపు ఆ నీళ్ళు బిందెల్లోకి వెళ్ళిపోతున్నాయి.

వరుసలో ముందున్న సూరాయమ్మ మామ్మ గుక్కెడు తాగి సముద్రంలోకి ఊసింది.

"ఇవి నీళ్ళేటే? కూతురు కొత్తగా వొండిన ఉప్పుసారులా ఉన్నాయి."

అందరూ నవ్వారు. చంకలో పసిపిల్లలున్న తల్లులు మాత్రం నవ్వలేదు.

జ్యేష్ఠ బహుళ అష్టమి

మూడు రోజులుగా ఇంట్లో కూర్చుని మా సొంత పెట్టెతో మాట్లాడుతున్నాను. మాస్టారు బడిలో కొన్ని ఆజ్ఞలు నేర్పారు. ఒకటి కొడితే ప్రాసెసర్ గురించి చెబుతుంది. ఇంకోటి కొడితే మెమరీ ఎంతో చెబుతుంది. కానీ అడిగింది రవ్వంత అయితే చెప్పేది బారెడు. తెర నిండా ఇంగ్లీషు వరసలు వరదలా దిగిపోతాయి. అందులో కావలసిన ముక్క వెతుక్కునేసరికి అన్నం మాడిపోతుంది. నిన్న నిజంగానే మాడింది.

ఆ మాడిన అన్నం తింటూ ఆలోచించాను. ఆజ్ఞలన్నీ ఒకదాని కింద ఒకటి ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే? ప్రతి జవాబులోంచీ నాకు కావలసిన ముక్కే ఏరి, దాని పక్కన తెలుగు మాట పెట్టమంటే? ఫైలు పేరు ఒక్కసారి కొడితే పనంతా వరసగా అదే చేసుకుపోతుంది. స్క్రిప్ట్ అంటే అంతే, వంట చెప్పినట్టు చెప్పడం. ముందు నూనె, తర్వాత ఆవాలు, తర్వాత కరివేపాకు.

ఈ సాయంత్రం అది పనిచేసింది. దానికి "పలకరింపు" అని పేరు పెట్టాను. తెర మీద నాలుగు ముక్కలు పడ్డాయి. నా పేరు ఇది, నేను పుట్టిన ఏడు ఇది, నా మెమరీ ఇంత, ఇప్పుడు నా ఒంటి వేడి ఇంత. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

అప్పుడే గుమ్మంలోకి దాలినాయుడు వచ్చాడు. మా మేనత్త కొడుకు. తెప్పల అడుగున పట్టే నత్తగుల్లలను నీళ్ళలోకి దిగి గీకడం అతని పని. ఒంటి నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఏటే వరాలూ, గోడతో మాటాడి సప్పట్లు కొడతన్నావా?"

"గోడతో కాదు బావా, పెట్టెతో. నువ్వెవరు, నీకేటుంది అనడిగితే సెప్తన్నాది."

"నన్నడిగినా సెప్తును గదా. ఒక్కనాడేనా అడిగినావా?"

"నీ మెమరీ సంగతి నాకు తెలీదేటి? పొద్దున్న తెమ్మన్న నిచ్చెన ఏదీ?"

"ఓలమ్మో!" అని అటునించి అటే పరిగెత్తాడు.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

నీళ్ళతెప్ప పెట్టె ఊరికి ఒక్కటే. చేయి తిరగకుండా దాన్ని ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. అందుకని ఇళ్ళలో ఉన్న పెట్టెల మీద పలకరింపును నడిపి చూస్తున్నాను. మొదట ఇద్దరు ముగ్గురు రానిచ్చారు. ఇప్పుడు నా వెనక జాతరలా జనం. "మా పెట్టె జాతకం కూడా సెప్పవే" అంటున్నారు.

ఈ రోజు చేపల వేలం పాడే పెంటయ్య ఇంటికి వెళ్ళాం. నాలుగేళ్ళ కిందటి పెద్ద తుపానుకు ముందు పెట్టించుకున్న తన పెట్టె ఊరు మొత్తానికీ పెద్దదని అతను ఎప్పుడూ అంటాడు. పలకరింపు నడిపితే, ఊళ్ళో అన్నిటికన్నా చిన్న మెమరీ అందులోనే ఉందని తేలింది. పెంటయ్య ముఖం ఎండు సావడాయి చేపలా అయిపోయింది.

పక్కనే సూరాయమ్మ మామ్మ ఇల్లు. ఆమె పెట్టెను పలకరిస్తే, మెమరీ దానికి నాలుగింతలు. పేరు దగ్గర "పెంటయ్య వేలం" అని పడింది. ఆ తుపానులో సామాన్లన్నీ ఒకచోటికి కొట్టుకొచ్చినప్పుడు రెండు పెట్టెలూ తారుమారయ్యాయన్నమాట. బయటి లక్క చూస్తే రెండూ ఒకే నలుపు.

"నా పెట్టె నాకిచ్చీ మామ్మా," అన్నాడు పెంటయ్య.

"నా పాటలన్నీ ఇందులోనే పాడతన్నాయి. నీదే అంతావా? అయితే పిలువు. నీ ఎనకాల వొస్తాదేమో సూద్దుం."

పెంటయ్య నిజంగానే పిలిచాడు. అది రాలేదు. జనం తెప్ప ఊగేటట్టు నవ్వారు. చివరికి పెంటయ్య కూడా నవ్వేసి, "ఉంచుకోయే తల్లీ, నీ దగ్గర సుకంగా ఉన్నాది," అని వెళ్ళిపోయాడు.

ఆషాఢ శుద్ధ పాడ్యమి

సంతోషంగా రాయడానికి ఈ రోజు ఏమీ లేదు.

సరంగు తవిటయ్య మావయ్య ఊరందరినీ పెద్దతెప్ప మీదికి పిలిచాడు. ఊరి పెద్దను మేము సరంగు అంటాం. ఆయన మాటలు నాన్చే మనిషి కాదు.

"ఉప్పునీళ్ళకి పసిగుంటలకి విరోసనాలవుతన్నాయి. నిన్న మా మనవరాలు కళ్ళు తేలేసినాది. వొడ్డు మీద శిబిరాలోళ్ళతో రేడియోలో మాటాడినాను. పున్నమి పోటుకి లాగుడు ఓడ వొస్తాది. మనల్ని లాక్కెల్తాది."

"అందరం ఒక్కసోటికేనా సరంగుబాబూ?" అని ఎవరో అడిగారు.

ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నేదు. ఏ శిబిరంలో సోటుంటే అక్కడికి. నాలుగు సోట్లకి."

గొలుసులు విప్పడమంటే ఏమిటో అందరికీ తెలుసు. పొద్దున లేస్తే పక్క తెప్ప మీద పొయ్యి ఊదే మనిషి పున్నమి తర్వాత కనబడదు. పెళ్ళాం పుట్టిల్లు ఒక శిబిరంలో, మొగుడి పుట్టిల్లు మరో శిబిరంలో. ఎవరూ ఏడవలేదు. ఎవరూ ఇళ్ళకూ కదల్లేదు.

నేను లేచాను.  "మావయ్యా, నీళ్ళపెట్టెని ఒక్కపాలి అడగనీ. దానికేటి నొప్పో ఎవులం అడగనేదు."

"అడుగమ్మా," అన్నాడు అలసటగా. "కానీ పున్నమి దాకానే."

ఆషాఢ శుద్ధ చవితి

రెండు రోజులుగా నీళ్ళతెప్ప మీదే నా మకాం. పలకరింపును కొంచెం మార్చాను. ఒకసారి అడిగి ఊరుకోకుండా, నేను ఆపమనే దాకా పెట్టె ఒంటి వేడినీ, పని వేగాన్నీ పక్కపక్కనే చూపిస్తూ ఉంటుంది.

మొదటి సంగతి తొందరగానే తేలింది. పొద్దెక్కేకొద్దీ వేడి పెరుగుతోంది, వేగం తగ్గుతోంది. ఎండలో మూట మోసే మనిషి ఎలా నెమ్మదిస్తాడో అదీ అలాగే. ఒళ్ళు కాలిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. అది బద్ధకం కాదు పాపం. ఈ నాలుగేళ్ళలో ఊరికి కొత్త తెప్పలు వచ్చి చేరాయి, కొత్త గొట్టాలు కలిపాం. వాటన్నిటి బరువూ దీని మీదే పడింది.

రెండో సంగతి ఈ పొద్దున తెలిసింది. స్క్రిప్టుకు ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాను. నీ ప్రాసెసర్‌లో పనిచేసే మెదళ్ళు ఎన్ని? అందులో మేలుకున్నవి ఎన్ని?

ఉన్నవి ఎనిమిది. మేలుకున్నవి రెండు.

తప్పు రాశానేమోనని మళ్ళీ నడిపాను. ఎనిమిది, రెండు. మళ్ళీ నడిపాను. పక్క ఇంటి పెట్టెను అడిగితే నాలుగు, నాలుగు అని సరిగ్గానే చెప్పింది. ప్రశ్నలో తప్పు లేదు.

రేడియోలో ఒడ్డున ఉన్న సింహాచలం మాస్టారిని పట్టుకున్నాను.

"మాస్టారూ, నీళ్ళపెట్టెలో ఆరు మెదళ్ళు నిద్దరపోతన్నాయి. మీకేటైనా తెలుసా?"

ముందు గరగర. తర్వాత పెద్ద నవ్వు. "ఓరి నాయినో! నేనేనే పడుకోబెట్టినాను. పెద్ద తుపానుకి సోలారు పలకలన్నీ ఎగిరిపోయినాయి గదా. కరెంటు సాలక ఆరింటిని ఆపినాను. కొత్త పలకలొచ్చినాక లేపుదునని మరిసేపోనాను."

"ఎలా లేపాలి?"

ఆయన చెప్పిన ఆజ్ఞ అరవరస కూడా లేదు. రేపు పొద్దున కొడతాను. ఆరు మెదళ్ళూ లేచి బరువు పంచుకుంటే రెండింటికీ ఊపిరాడుతుంది. ఎంత సంతోషంగా ఉందంటే, నిచ్చెన తెచ్చిచ్చిన దాలినాయుడికి నా వాటా బెల్లం ముక్క ఇచ్చేశాను.

ఆషాఢ శుద్ధ పంచమి

పొద్దున మెదళ్ళను లేపాను. ఎనిమిది, ఎనిమిది. పెట్టె పక్షిలా ఎగిరింది. కవాటాలు టకటకా తిరిగాయి. నీళ్ళు తియ్యగా దిగాయి. సరంగు మావయ్య ఒక గ్లాసు తాగి నా తల మీద చెయ్యి పెట్టాడు.

మధ్యాహ్నానికి వేడి తొంభై దాటింది. పనైతే పంచుకున్నాయి గానీ ఎనిమిదీ కలిసి వెదజల్లే సెగ, రెండింటి సెగ కన్నా ఎక్కువ. ఆ సంగతి నేను ఆలోచించలేదు. లక్క వాసన రాసాగింది. చేయి పెడితే పైపొర మెత్తగా తగిలింది. ఆరింటిని మళ్ళీ పడుకోబెట్టబోయేలోపే తెర నల్లబడింది. కవాటాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

తడిగుడ్డలు కప్పాం. విసనకర్రలతో విసిరాం. పొద్దు వాలుతుండగా అది మళ్ళీ కళ్ళు తెరిచింది, మునుపటిలాగే రెండు మెదళ్ళతో. అప్పటిదాకా ఊరికి బొట్టు నీళ్ళు లేవు.

ఒకామె నా ముఖం మీదే అంది. "ఉన్నదాన్ని కూడా సంపేద్దువు."

 సరంగు మావయ్య కోప్పడలేదు, అదే ఎక్కువ బాధించింది. "ఇంక ముట్టుకోకమ్మా," అన్నాడు, అంతే.

ఆషాఢ శుద్ధ షష్ఠి

పొద్దున్నే దాలినాయుడు వచ్చి తెప్ప అంచున నా పక్కన కూర్చున్నాడు. కాళ్ళు నీళ్ళలో పెట్టాడు.  

"వరాలూ, ఆ పెట్టెకి ఏటి కావాలి?"

"సల్లదనం."

"ఎంత?"

"ఎంతుంటే అంత."

"కాళ్ళెట్టు."

కాళ్ళు పెట్టాను. పైనీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

"ఇది పైన. నేను నత్తలు గీకడానికి కిందకి ఎల్తే, తెప్ప నీడలో, పండ్లు టకటకలాడతాయి. ఎండాకాలమైనా అంతే. ఆడ ఏలాడగట్టీ."

"నీళ్ళలోనా? కంప్యూటర్నా?"

"లక్క పూసినాం గదా. నీళ్ళు పోవనే గదా పూసినాం?"

లేచి అతని ముఖంలోకి చూశాను. నేను పెట్టెను గాలిలో చల్లబరచాలనే చూస్తున్నాను. చుట్టూ ఇంత సముద్రం ఉంది. రాగిరేకు నేరుగా చల్లని నీటికి తగిలితే ఆ సెగంతా సముద్రం తాగేస్తుంది.

కానీ ఆ లక్క గాలి కోసం పూసింది. ఎక్కడైనా వెంట్రుకంత పగులున్నా నీళ్ళు లోపలికి వెళతాయి. అప్పుడిక ఊరికి పెట్టే ఉండదు.

ఇద్దరం సరంగు దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు. "ఊరికున్న ఒక్క పెట్టెని సముద్రంలో ముంచుతారా? పున్నమికి ముందే సంపుతారా?"

అరుగు మీద కూర్చుని వింటున్న సూరాయమ్మ మామ్మ కర్ర ఊతంగా లేచింది. "ముందు ఇంకోటి ముంచి సూద్దుం తవిటీ. మా తాతలు లక్కపిడతలు సేసినోళ్ళు. లక్క సంగతి నేను సూస్తాను."

"ఇంకోటంటే ఎవులిస్తారు మామ్మా?"

"నేనిస్తాను. మా ఇంట్లో పెంటయ్యది ఒకటున్నాది గదా."

ఆషాఢ శుద్ధ అష్టమి

ఇంత మంచి వాసన తెప్పలవలసలో ఎప్పుడూ రాలేదు. నిన్న తెల్లారకముందే బొగ్గుల మీద లక్క కరగడం మొదలైంది. మామ్మ చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, వాళ్ళ వెనక వాళ్ళ పిల్లలు. తీగలు పెట్టెలోకి దూరే చోట మామ్మ వేలితో తడిమి, "ఇదిగో, దొంగ ఇక్కడ దూరతాడు," అంది. అక్కడ లక్క పొర మీద పొర పూయించింది. ఒక్కో పొర ఆరేలోపు ఒక్కో పాట. పాడలేని వాళ్ళ చేత విసిరించింది.

నిన్న మధ్యాహ్నమే పెంటయ్య పెట్టెను వలలో చుట్టి, పొడవు తీగలు కట్టి, దాలినాయుడు కిందికి తీసుకెళ్ళాడు. పెంటయ్య తెప్ప అంచున బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తూ, "పోనాదా? ఉన్నాదా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను పైనుంచి పలకరింపు నడిపాను.

సముద్రం కింది నుంచి జవాబు వచ్చింది. పేరు: పెంటయ్య వేలం. ఒంటి వేడి: ముప్ఫై ఒకటి.

ఇంత చల్లగా ఉన్న లక్కపెట్టెను నేనెప్పుడూ చూడలేదు. ఈ రోజు మళ్ళీ అడిగాను. అలాగే పలికింది. పైకి తీసి తుడిస్తే లక్క మీద ఒక్క గీత లేదు. పెంటయ్య దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. మామ్మ లాక్కుని లోపల పెట్టేసింది.

సరంగు మావయ్య ఆ లక్క మీద గోరుతో గీకి చూశాడు, వాసన చూశాడు.

"కానీండి," అన్నాడు.

ఆషాఢ శుద్ధ దశమి

బయట ఊరు ఇంకా అరుస్తోంది. ఆనందంతోనే. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

నిన్నంతా నీళ్ళపెట్టెకు మామ్మ కొత్త లక్క పూసింది. అంతసేపూ నీటి కవాటాలను మగవాళ్ళు చేతులతో తిప్పారు. ఈ పొద్దున ఎండ బాగా ఎక్కనిచ్చాం. చల్లని వేళ పనిచేసి ఎండలో ఆగిపోతే మళ్ళీ మోసపోతాం కదా. దించాక వేడి తగ్గడం ఊరంతటికీ తెలియాలని, ముందు పెట్టెను పైనే ఉంచి ఎనిమిది మెదళ్ళనూ లేపాను. వేడి ఎక్కడం మొదలైంది. డెబ్బై, ఎనభై. లక్క మెత్తబడేలోపు దించేయాలి.

దాలినాయుడు వలను భుజానికి తగిలించుకుని, ఊపిరి పీల్చుకునే గాలిగొట్టం చేత పట్టుకుని తెప్ప అంచున నిలబడ్డాడు.

"వరాలూ, ఇది సల్లబడితే నన్ను పెళ్ళాడతావా?"

ఊరంతా వింటోంది. "సల్లబడకపోతే?" అన్నాను.

"అప్పుడూ అడుగుతాను. కాకపోతే వొడ్డు మీద అడుగుతాను."

"ముందు దిగు!"

దిగాడు. నేను తెర ముందుకు పరిగెత్తాను. తెర నీళ్ళగది లోపల ఉంది. బయట తెప్పల మీద నిలబడ్డ జనానికి కనబడదు. గుమ్మంలో పెంటయ్యను నిలబెట్టాను. నేను అంకె చెబితే అతను వేలం గొంతుతో అరవాలి.

"ఎనభై తొమ్మిది!" అన్నాను.

"ఎనభై తొమ్మిదీ!" అన్నాడు పెంటయ్య. తర్వాతి తెప్ప మీద ఇంకొకరు అందుకున్నారు. దాని తర్వాతి తెప్ప మీద మరొకరు. నా అంకె ఊరు చివరి దాకా నడిచి వెళ్ళడం నాకు వినబడుతోంది.

"తొంభై."

"తొంభై!"

 దాలినాయుడు ఇంకా తాళ్ళు కడుతున్నట్టున్నాడు. తొంభై ఒకటి పడింది. సరంగు మావయ్య కళ్ళు మూసుకున్నాడు. నాకు మొన్నటి నల్లని తెర గుర్తొచ్చింది.

తర్వాత తొంభై ఒకటి మీదే ఆగింది. తర్వాత ఎనభై ఎనిమిది.

"ఎనభై ఎనిమిది!" నేనే అరిచాను.

పెంటయ్య జన్మంతా ధర పెంచుతూ పాడినవాడు. ఈ రోజు దించుతూ పాడాడు. "ఎనభై ఎనిమిదీ! ఎనభై మూడూ! రండమ్మా రండి, డెబ్బై ఆరూ! డెబ్బై ఆరంటే ఇక్కడితో ఆగదు బాబో, అరవై తొమ్మిదీ!" ప్రతి అంకెకూ ఊరు హోరెత్తింది. పిల్లలు డబ్బాలు వాయించారు. యాభై దగ్గరికి వచ్చేసరికి ఎవరు అరుస్తున్నారో, ఎవరు పాడుతున్నారో తెలియలేదు. నలభై నాలుగు దగ్గర అది నిలబడింది. నడినెత్తిన ఎండ, ఎనిమిది మెదళ్ళూ మెలకువగా ఉన్నాయి, కవాటాలు టకటకా తిరుగుతున్నాయి. అంకె కదల్లేదు.

పెంటయ్య గొంతు పోయింది. చేత్తో సైగ చేసి మూడుసార్లు తెప్పను తన్నాడు, వేలం ముగిసినట్టు.

దాలినాయుడు పైకి తేలాడు. పెదాలు చలికి నీలంగా ఉన్నాయి. ఊరంతా ఎందుకు అరుస్తోందో అతనికి తెలియదు. భయంగా నా వైపు చూశాడు.

"ఏటైనాది? పోనాదా?"

"నలభై నాలుగు!"

"అంటే?"

"అంటే ఈడనే అడుగు!"

అర్థం కావడానికి అతనికి రెండు అలలు పట్టింది. తర్వాత మళ్ళీ నీళ్ళలో మునిగాడు. సిగ్గుతోనని మామ్మ అంటుంది.

ఆషాఢ పున్నమి

లాగుడు ఓడ వచ్చింది. ఎర్రటి పెద్ద ఓడ. మేము గొలుసులు విప్పి సిద్ధంగా ఉంటామనుకున్నారు. సరంగు మావయ్య చిన్న పడవలో ఎదురెళ్ళి ఓడ అధికారిని మా నీళ్ళతెప్పకు తీసుకొచ్చాడు. ఆయన చేతికి గ్లాసు ఇచ్చాడు.

ఆయన తాగాడు. గ్లాసు వైపు చూసి, "ఇంకోటి ఇవ్వండి," అన్నాడు. రెండోది తాగాక అడిగాడు, "మీ కంప్యూటర్ ఎక్కడుంది?"

సరంగు కిందికి చూపించాడు. ఆయన తెప్ప మీది చెక్కల వైపు చూశాడు. "ఇంకా కిందకండీ," అన్నాడు మావయ్య.

ఓడలో ఉన్న కంప్యూటర్ కూడా ఎండలో మొరాయిస్తోందట. పలకరింపు ఒక ప్రతి ఇమ్మని అడిగాడు. ఇచ్చాను. లోపల ఏముందో ముందు అడగండి, ఆ తర్వాతే మందు వెయ్యండి అని చెప్పాను. ఓడ ఖాళీగా తిరిగి వెళ్ళింది. దాని వెనక లేచిన అలకు మా తెప్పలన్నీ ఒక్కసారి ఊగాయి, ఒకదానితో ఒకటి కట్టి ఉన్నట్టుగానే.

అందరం ఓడకు చేతులు ఊపుతూ ఉండగా వెనక నుంచి సలసలమని చప్పుడు. నీళ్ళతొట్టి నిండి పొంగిపోతోంది. ఎనిమిది మెదళ్ళ వేగానికి తొట్టి ఎప్పుడు నిండిందో ఎవరూ చూసుకోలేదు. మంచినీళ్ళు చెక్కల మీదుగా, మా కాళ్ళ మధ్య నుంచి పారుతున్నాయి.

"ఓరి, నీళ్ళు పారబోస్తన్నారేట్రా!" అని సరంగు మావయ్య అలవాటు కొద్దీ కేకేశాడు. మరుక్షణం ఆగాడు. వంగి దోసిలితో పట్టి మనవరాలి ముఖం మీద చిలకరించాడు. ఆ పిల్ల కిలకిలా నవ్వింది. అంతే. తర్వాత ఎవరి చేతికి ఏది దొరికితే అది, బిందె, డబ్బా, మూకుడు. పెంటయ్య నా మీద బకెట్టు గుమ్మరించాడు. నేను దాలినాయుడి మీద. రోజంతా నీళ్ళలో మునిగే మనిషి ఒక్క బకెట్టుకు కెవ్వుమన్నాడు. ఉప్పులేని నీళ్ళు ఒంటి మీద పడి ఎన్నేళ్ళయిందో అతనికే తెలియాలి.

సూరాయమ్మ మామ్మ పీట వేసుకుని ఆ గోల మధ్యలోనే కూర్చుంది. కొప్పు విప్పింది. తెల్లని జుట్టు ఉప్పుకు తాడులా బిరుసెక్కి ఉంది.

"తుపానుకి ముందు పోసుకున్నానే మంచినీళ్ళ తలంటు," అంది. "పొయ్యే వరాలూ."

చెంబు ముంచి ఆమె నెత్తిన పోశాను. ఆమె కళ్ళు మూసుకుని, నీళ్ళు బుగ్గల మీదుగా జారుతుంటే నాలుక చాచి రుచి చూసింది.

"సప్పగా ఉన్నాయే," అని పసిపిల్లలా నవ్వింది. "ఇంకో సెంబు."

పోశాను.